లాంప్ రూం శాంతిరాజ్ కనిపెట్టిన రెండు సెకన్లు

శాంతిరాజ్‌కు బొగ్గుబాయి ఉద్యోగం తండ్రి నుంచి వచ్చింది. తలతిరుగుడు ఎవరి నుంచి వచ్చిందో ఇంతవరకు తేలలేదు.

తండ్రి ఊపిరితిత్తులు ఇక బొగ్గుకు పనికిరావని డాక్టర్లు రాసిచ్చాక, ఆయన స్థానంలో కొడుకును తీసుకున్నారు. బీఎస్సీ రెండో ఏడాదిలో, భౌతికశాస్త్రంతో అప్పుడప్పుడే చనువు పెరుగుతున్న దశలో, శాంతిరాజ్ పుస్తకం మూసి టోపీ పెట్టుకున్నాడు. మొదటి వారమే ఏటవాలు దారిలో కొంత దిగేసరికి కళ్లు బైర్లు కమ్మి, పట్టాల మీది బొగ్గు టబ్బును పట్టుకుని కూలబడ్డాడు. రెండో వారమూ అంతే. మూడో వారం ఒక యూనియన్ పెద్దమనిషి దయతలచి, బాయి మీద లాంప్ రూంలో వేయించాడు. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టడం అక్కడి పని. ఒకవిధంగా చూస్తే గోదావరిఖనికి వెలుగు పంచే ఉద్యోగం. ఆ మాట శాంతిరాజ్ అప్పుడప్పుడు అనేవాడు. ఇంకెవరూ అనేవారు కాదు మరి.

అట్లా ఇరవై ఏళ్లు గడిచాయి. పెళ్లయింది, కంపెనీ క్వార్టరు వచ్చింది, పొట్ట వచ్చింది. భౌతికశాస్త్రం మాత్రం ఎక్కడికీ పోలేదు. మూసిన పుస్తకంలో నుంచి అది లోపల్లోపల కూస్తూనే ఉంది. వినేవాళ్లు లేరు. లాంప్ రూం కిటికీ ముందు నిలబడ్డవాడికి లైటు కావాలి గానీ, వెలుతురు కణమా తరంగమా అన్న సంగతి అక్కర్లేదు. భార్య లిల్లీకి ఒకసారి చెప్పబోతే, "రెండిట్ల ఏదైతే కరెంటు బిల్లు తక్కువొస్తదో గదే అనుకో" అని ముగించింది.

రెండువేల పదిలో శాంతిరాజ్‌కు వినేవాళ్లు దొరికారు. మార్కెట్ వీధిలో ఉపేందర్ అనే కుర్రవాడు నెట్ సెంటర్ నడిపేవాడు. మొదటి షిఫ్టు అయిపోయాక శాంతిరాజ్ అక్కడికి పోయి, ఆర్కుట్‌లో 'సైన్సు ముచ్చట్లు' అనే తెలుగు గుంపులో చేరాడు. అక్కడ దేశదేశాల తెలుగువాళ్లు, ఇళ్లల్లో ఎవరూ వినని తెలుగువాళ్లు, భయంకరమైన యుద్ధాలు చేసుకుంటుండేవారు. వేడినీళ్లు ముందు గడ్డకడతాయా, చన్నీళ్లా? అద్దం కుడిని ఎడమ చేస్తుంది గానీ తలను కాళ్లు ఎందుకు చేయదు? సున్నా పాయింటు తర్వాత తొమ్మిదులు అంతులేకుండా రాస్తూపోతే అది ఒకటికి సమానమా, కొంచెం తక్కువా? ఈ తొమ్మిదుల మీద ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవడం మానేశారు. 

అందరూ అక్కడ మారుపేర్లతో ఉండేవారు. శాంతిరాజ్ 'నల్లబంగారం' అని పెట్టుకున్నాడు. తన గురించి రాసుకోమన్న చోట 'ఇరవై ఏళ్లుగా భూగర్భంలో' అని రాసుకున్నాడు. అందులో ఇరవై ఏళ్లు నిజం.

ఆ ఒక్క మాట చేసిన మేలు ఇంతా అంతా కాదు. గాలి పీడనం మీద చర్చ వస్తే అందరూ ఆగి, 'నల్లబంగారం గారేమంటారో' అనేవారు. ఆయన లాంప్ రూంలో విన్న బాయి కబుర్లకు కాస్త మసి పూసి వడ్డించేవాడు. ఒక్కరే ఒక్కరు ఆయనకు లొంగలేదు. ఆ మనిషి మారుపేరు 'ఆవగింజ'. మర్యాదగా, తక్కువ మాటల్లో, లెక్క వేసి మరీ రాసే ఆ ఆవగింజ ఎవరో హైదరాబాదులో రిటైరైన ఇంజనీరు అయి ఉంటాడని, ఒంటరివాడని, అజీర్తి ఉన్నవాడని శాంతిరాజ్ తేల్చుకున్నాడు.

ఒకరోజు గుంపులో ఎవరో అడిగారు: బాయిలోకి దిగితే మనిషి బరువు తగ్గుతుందా, పెరుగుతుందా?

ఇది తన సామ్రాజ్యం. శాంతిరాజ్ వెంటనే రాశాడు: తగ్గుతుంది. లోపలికి పోయేకొద్దీ మనల్ని లాగే భూమి తరుగుతూ వస్తుంది, కేంద్రం దగ్గర బరువు సున్నా. ఇంటర్ పుస్తకంలో ఉంది.

ఆవగింజ రాసిన జవాబు ఇది: 'పుస్తకం భూమిని ఒకే రకం పిండితో చేసిన ముద్ద అనుకుని లెక్క చెప్పింది. భూమి రేగుపండు లాంటిది. పైన గుజ్జు తేలిక, లోపల గింజ బరువు. గుజ్జులో కొంచెం దిగితే గింజకు దగ్గరవుతాం. అందుకని మొదట్లో బరువు రవ్వంత పెరుగుతుంది. తగ్గడం చాలా లోతుకు పోయాక.'

చదివిన అయిదు నిమిషాలకే ఆ మాట నిజం కావచ్చునని శాంతిరాజ్‌కు తోచింది. ఆ అయిదు నిమిషాలు గుంపులో మిగతావాళ్లు కాస్త ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నలుగురు అప్పటికే 'నల్లబంగారం గారూ, వదలకండి' అని రాసేశారు. ఆయన వదలలేదు. 'కుర్చీలో కూర్చుని రేగుపండ్లు తినేవాళ్లకు బాయి సంగతి ఏం తెలుసు' అని రాశాడు.

దానికి ఆవగింజ కోప్పడలేదు. 'నిజమే, నేను ఏనాడూ దిగలేదు. మీరు రోజూ దిగుతారు కదా, కొలిచి చెప్పండి. లోలకం గడియారం ఒకటి ఒకరోజు లోపల వేలాడదీస్తే చాలు. బరువు తగ్గితే అది నెమ్మదిస్తుంది, పెరిగితే ముందుకు పోతుంది. మీరు ఏం చెప్తే అది ఒప్పుకుంటాను.'

రోజూ దిగే మనిషి ఆ సాయంత్రం ఇంటికిపోయి గోడ మీది గడియారం వైపు చూశాడు. అది లిల్లీ పుట్టింటి నుంచి వచ్చిన, కీ ఇచ్చే లోలకం గడియారం. 

"దాన్నెందుకు దించుతున్నవ్?" అంది లిల్లీ.

"సైన్సు కోసం."

"సైన్సుకు సొంత గడియారం లేదా?"

చర్చి పెద్ద సామ్యేల్ బాయి లోపల పంపు ఆపరేటరు. ఊరంతా ఆయన్ను కాక అంటుంది. అబద్ధం ఆడడు, అవసరానికి మించి నిజమూ మాట్లాడడు. గడియారాన్ని దుప్పటిలో చుట్టి శాంతిరాజ్ ఆయన చేతిలో పెట్టాడు. లోపల షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్ దారిలో ఆపి, "ఏంది సామ్యేల్, రిటైర్మెంటు దగ్గరికొచ్చిందని గంటలు లెక్కపెట్టుకుంటున్నవా?" అని నవ్వి వదిలేశాడట.

మర్నాడు సామ్యేల్ గడియారం తెచ్చి లాంప్ రూం కిటికీలో పెట్టాడు.

"ఏమైంది కాక?"

"ఆగిపోయింది."

"ఎప్పుడు?"

"యాలాడదీసిన అరగంటకే. పంపు దడదడకు గోడకు కొట్టిన మొల కదిలి గడియారం వంకర పోయింది. సక్కగ జేసి మల్ల తిప్పిన. మల్ల ఆగింది. ఇగ దుప్పట్ల సుట్టి పండవెట్టిన."

శాస్త్రం ఇలాంటి సందర్భాల్లో ఏం చేయమంటుందో శాంతిరాజ్‌కు తెలుసు. మళ్లీ చేయమంటుంది, లేదా కుదరలేదని చెప్పమంటుంది. 'కుదరలేదు' అని ఒక్కమాట టైపు చేయడానికి ఆయన నెట్ సెంటర్‌కు పోయాడు. గుంపు తెరిస్తే ముప్పైమంది ఎదురుచూస్తున్నారు. అప్పుడు ఆయనలో ఒక గంభీరమైన తర్కం మేల్కొంది. ఆగిపోయిన గడియారం నెమ్మదించినట్టా, కాదా? నెమ్మదించినట్టే. ఎంత నెమ్మదించింది అన్నదే తేలాలి. అది పుస్తకం చెబుతుంది. ఇంటర్ సూత్రం ప్రకారం ఆ లోతుకు లెక్క వేస్తే రోజుకు రెండు సెకన్లు వచ్చింది. ఆయన రాశాడు: 'రోజుకు రెండు సెకన్లు వెనకబడింది.'

అక్కడితో ఆగినా కొంత పుణ్యం ఉండేది. ఆగలేదు. 'పంపుల హోరులో, నెత్తి మీద మూడు వందల మీటర్ల బండ కింద, టోపీ లైటు వెలుగులో లోలకం ముందు కూర్చున్నాను. పైనుంచి నీటిచుక్కలు పడుతుండగా' అని ఇంకో పేరా రాశాడు. నీటిచుక్కలు ఎవరూ అడగలేదు.

గంటలోపే ఆవగింజ జవాబు వచ్చింది. 'ఓడిపోయాను అన్నా. మీ కొలత సరిగ్గా పుస్తకం లెక్కతో కలిసింది. కొలిచినవాడి మాటే మాట. నా గర్వానికి క్షమించండి.' గుంపు గుంపంతా చప్పట్లు కొట్టింది. శాంతిరాజ్ ఉపేందర్‌కు మిర్చి బజ్జీలు తెప్పించాడు.

"ఏంది శాంతన్న, ఎవలు పాసయిండ్రు?" అన్నాడు ఉపేందర్.

"నేనే పాసైన తమ్మీ" అన్నాడు శాంతిరాజ్.

తర్వాతి ఆదివారం చర్చి ఆరాధనలో, పాటల తర్వాత, పాస్టరు గారు సాక్ష్యాలు చెప్పేవాళ్లను లేవమన్నారు. జ్వరం తగ్గినవాళ్లు, క్వార్టరు దొరికినవాళ్లు, తాగుడు మానినవాళ్లు లేచి ప్రభువుకు వందనాలు చెప్పుకునే సమయం అది. ఆడవాళ్ల వైపు నుంచి లిడియా మేడం లేచింది. ఆమె పోయిన వేసవిలో వరంగల్ వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. శాంతిరాజ్‌కు ముఖపరిచయమే.

"సంఘానికి వందనాలు. దేవుడు నా గర్వాన్ని ఎట్ల విరగ్గొట్టిండో చెప్తనని లేచిన" అని ఆమె మొదలుపెట్టింది. "బాయిల దిగితే బరువు పెరుగుతదని నేను క్లాసుల చెప్పిన. పుస్తకానికి ఎదురు చెప్తవా అని మా ప్రిన్సిపాల్ గారు కోప్పడ్డరు. నేను ఆయనతోని కొట్లాడిన. పరీక్షల మార్కు పోయినా సరే, నిజమే రాయండ్రి, నేను చూసుకుంట అని పిల్లలకు చెప్పిన. గంత గర్వం. నెట్ల ఒక అన్నతోని గూడ వాదించిన. ఆ అన్న బాయి కార్మికుడు. మారుమాట లేకుంట గడియారం పట్టుకొని బండ కింద కూసున్నడు. నీళ్లు కారుతుంటె ఒకరోజంతా కొలిచిండు. నాది తప్పని తేలింది."

శాంతిరాజ్ ముందున్న బెంచీని పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల కింద టబ్బును పట్టుకున్నట్టే ఉంది, కాకపోతే ఈసారి కూలబడడానికి వీల్లేదు, కూర్చునే ఉన్నాడు.

"నేను ప్రిన్సిపాల్ గారికి క్షమాపణ చెప్పిన. క్లాసుల గూడ చెప్పిన. ఆవగింజంత విశ్వాసం అంటరు, నా దగ్గర ఆవగింజంత వినయం గూడ లేకుండె. ఆ అన్న ఎవరో నాకు తెల్వదు. గోదావరి ఒడ్డున ఏదో ఒక బాయిల ఉంటడు. ఆయన కోసం ప్రార్థన చెయ్యండ్రి."

"స్తోత్రం" అంది సంఘం. పాస్టరు గారు కళ్లు మూసుకుని, చేతులెత్తి, ఆ అజ్ఞాత సోదరుడి నెత్తి మీద బండ కూలకుండా, విషవాయువు తగలకుండా, కాపాడమని సుదీర్ఘంగా ప్రార్థించారు. రేకుల కప్పు కింద ఫ్యాన్ వేసుకుని పనిచేసే అజ్ఞాత సోదరుడు ఆ ప్రార్థనంతా తలవంచుకుని విన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. పక్కన కూర్చున్న సామ్యేల్ మాత్రం అనలేదు. శాంతిరాజ్ ఒక కన్ను తెరిచి చూస్తే, ఆయన రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

చెప్పులు వేసుకునే చోట సామ్యేల్ పట్టుకున్నాడు.

"గడియారం ఆగిపోయిందని నేను నీకు చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్ కాక."

"మరి రెండు సెకన్లని రాసినవట?"

"నీకెట్ల తెలుసు?"

"మొన్న ఉపేందర్ చెప్పిండు. ఊరంతా చెప్తున్నడు, శాంతన్న గెలిచిండని. నాకు సమజ్ గాలే, ఇయ్యాల అయింది." సామ్యేల్ చెప్పు పట్టీ బిగించుకున్నాడు. "నేను గా పంపు కాడ ముప్పయేండ్లు పన్జేసిన. నీళ్లెంతున్నయ్ అంటే ఉన్నయే చెప్పిన. తప్పు చెప్తే మునుగుతరు మనుషులు."

"ఇది నీళ్లు కాదు గదా కాక, ఉత్త ముచ్చట."

"ఉత్త ముచ్చటైతే ఆ పిల్ల గంతమంది ముందల ఎందుకు తలవంచింది?"

వారమంతా శాంతిరాజ్ ఆ ప్రశ్నను మోసుకు తిరిగాడు. రోజూ నెట్ సెంటర్‌కు పోవడం, 'సోదరీ' అని టైపు చేయడం, చెరిపేయడం. లిల్లీ అన్నం పెడుతూ, "మొఖమేంది గట్ల పెట్టినవ్, సున్నా పాయింటు తొమ్మిదుల ఒకటి తక్కువైందా?" అంటే నవ్వలేకపోయాడు.

మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళకు ఆయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. ఆడవాళ్ల వైపు లిడియా తలెత్తి చూసింది. అంతే, వారమంతా కూర్చుకున్న వాక్యం ఎటో పోయింది. "నేను... నేను ఘోరమైన పాపిని" అన్నాడు. "అబద్ధికుణ్ని. ప్రభువు నన్ను క్షమించాలె."

సంఘం పులకరించిపోయింది. "స్తోత్రం, స్తోత్రం" అని నాలుగు దిక్కుల నుంచి వినిపించింది. పాస్టరు భార్య కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంత విరిగిన హృదయం ఈ మధ్య చూడలేదని పాస్టరు గారు మెచ్చుకుని, బుధవారం ఇంటి ప్రార్థనలో వాక్యం చెప్పే భాగ్యం శాంతిరాజ్‌కే ఇచ్చారు. ఏ పాపమని ఒక్కరూ అడగలేదు. పేరు లేని పాపానికి ఇంత గిరాకీ ఉంటుందని ఆయనకు తెలియదు. సిగ్గుతో చెవులు కాలుతుంటే కూర్చున్నాడు.

"దవాఖానకు పోయి ఉత్తగ నొస్తున్నదంటే మందిస్తరా?" అన్నాడు సామ్యేల్, ముందుకే చూస్తూ. "యాడ నొస్తున్నదో చెప్పాలె."

గేటు దగ్గర లిడియా స్కూటీ తాళం తీస్తుండగా శాంతిరాజ్ ఎదురుగా పోయి నిలబడ్డాడు. లిల్లీ కొంచెం దూరంలో ఆగింది.

"వందనాలన్నా. మీ సాక్ష్యం బాగుండె" అంది లిడియా.

"మేడం, నల్లబంగారం నేనే."

ఆమె ముఖం వెలిగిపోయింది. అదే ఆయనకు అన్నిటికంటే కష్టమైంది. 

"అయ్యో, మీరేనా! ఇన్నొద్దులు ఒక్క కప్పు కిందనే ఉన్నమా?"

"గడియారం ఆగిపోయింది మేడం. రెండు సెకన్లు నేను పుస్తకంల చూసి రాసిన."

ఆమె కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఒక్కసారిగా, "అంటే తగ్గలేదా? నేను చెప్పిందే కరెక్టా?" అంది. చిన్నపిల్లలా అడిగింది. తర్వాత ఆ సంతోషం దానంతట అదే మెల్లగా దిగిపోయింది.

"పుస్తకంతోని గంత సరిగ్గ కలిస్తే నాకు అనుమానం రావాలె" అంది. "నీటిచుక్కలు అన్నరు. నేను నమ్మిన."

"తప్పయింది."

"మీరు లోపల ఏం పనిచేస్తరు?"

"లోపల కాదు. మీద. లాంప్ రూం."

లిడియా తాళంచెవిని వేలికి తిప్పింది. "ప్రిన్సిపాల్ ముందర నిలబడి సారీ చెప్పినన్నా. ఆయన స్టాఫ్ అందరిని పిలిపించిండు వినమని" అంది. "నాకొక్కదానికి చెప్తే ఏం లాభం? యాడ రాసినరో ఆడ రాయండ్రి. మా పిల్లలకు గూడ వచ్చి చెప్పుండ్రి."

ఆ సాయంత్రమే ఆయన గుంపులో రాశాడు: కొలత అబద్ధం, గడియారం ఆగిపోయింది, ఆవగింజ మాటే సరైనది. శిక్షకు సిద్ధపడి కూర్చున్నాడు. శిక్ష రాలేదు. నల్లబంగారం అకౌంటు ఎవరో దొంగిలించారని ఒకరు రాశారు. ఆవగింజ బెదిరించి ఉంటాడని ఇంకొకరు. బొగ్గు కార్మికుడి అనుభవాన్ని అవమానిస్తే ఊరుకోబోమని మూడో ఆయన హెచ్చరించాడు. ఆయనే ఆ నీటిచుక్కల పేరాను సాక్ష్యంగా అతికించి, ఇది కళ్లారా చూడనివాడు రాయగలడా అని అడిగాడు. రాయగలడని శాంతిరాజ్ రాశాడు. ఎవరూ ఒప్పుకోలేదు. తన అబద్ధంతో తానే వాదించి ఆయన వరసగా మూడు రోజులు ఓడిపోయాడు.

కాలేజీకి మాత్రం సగం రోజు సెలవు పెట్టి పోయాడు. ఇస్త్రీ చొక్కా లిల్లీయే తీసి ఇచ్చింది. "సక్కగ చెప్పి రా. మల్ల ఆడ గూడ పాపిని గీపిని అని ఏడ్వకు" అంది.

రేకుల షెడ్డు లాంటి గదిలో ఇంటర్ పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. సగంమంది బాయి కార్మికుల బిడ్డలే. ఇద్దరు ముగ్గురి తండ్రులకు ఆ ఉదయమే ఆయన లైట్లు ఇచ్చి వచ్చాడు. బోర్డు ముందు నిలబడి అంతా చెప్పాడు. గడియారం, పంపు, మొల, ఆగిపోవడం, తను లోపలికి దిగకపోవడం, రెండు సెకన్లు. నవ్వుతారేమోనని చూశాడు. ఎవరూ నవ్వలేదు. కొందరు రాసుకుంటున్నారు కూడా.

"మేడం మొదలు చెప్పిందే నిజం" అని ముగించాడు. "పై పొరల దిగితే బరువు రవ్వంత పెరుగుతది."

వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మరి ఎంట్రన్సుల ఏం రాయాలె?"

శాంతిరాజ్ లిడియా వైపు చూశాడు. క్లాసంతా చూసింది. మార్కు పోయినా నిజమే రాయమని, తను చూసుకుంటానని ఇదే గదిలో చెప్పిన మనిషి కిటికీ పక్కన చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉంది. వరండాలో ప్రిన్సిపాల్ గది వైపు నుంచి ఎవరివో బూట్ల చప్పుడు వినిపించి దూరమైంది. ఆ చప్పుడు పోయేదాకా ఆమె ఏమీ అనలేదు.

"తగ్గుతుందనే రాయండ్రి" అంది.

"మీరు అప్పుడు..." అనబోయింది అమ్మాయి.

"అప్పుడు చెప్పిన. ఇప్పుడు గిట్ల రాయండ్రి. ఒక మార్కు ఎందుకు పోగొట్టుకుంటరు?"

అమ్మాయి కూర్చుంది. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. లిడియా ఎవరివైపూ చూడకుండా బోర్డు తుడవడం మొదలుపెట్టింది. బోర్డు మీద నిజానికి ఏమీ లేదు, శాంతిరాజ్ అంతా నోటితోనే చెప్పాడు.

"థాంక్సన్నా" అంది ఆమె, తుడుస్తూనే. "ఇగ మీరు పోవచ్చు."